యుద్ధంలో నాన్నను పోగొట్టుకున్న పిల్లలు కట్టే పాటలు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పాట కట్టడం నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అయ్యకోనేరుకు దగ్గర్లో మేడ మీద ఒక గది, ఒక హార్మోనియం, రెండు చాపలు. వచ్చే పిల్లల్లో జవాన్ల పిల్లలు ఎప్పుడూ ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో సైన్యంలో చేరడం కొత్త సంగతి కాదు. అన్న వెళ్తే తమ్ముడు వెళ్తాడు, మేనమామను చూసి మేనల్లుడు వెళ్తాడు. ఆ పిల్లల్లో కొందరికి నాన్న ఫొటోలో మాత్రమే తెలుసు. వాళ్ల గురించి, వాళ్ల పాటల గురించి పెద్దవాళ్లు చాలా తేలిగ్గా మాట్లాడేస్తుంటారు. సాటి సంగీతం మాస్టార్లు కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అంత పసివాడికి ఏం గుర్తుంటుంది? గుర్తులేనిదాని మీద పాటేం రాస్తాడు?

వాస్తవం: దీనికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను రోజర్ వాటర్స్ కథ చెబుతాను. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లిష్ రాక్ బృందంలో పాటలు ఎక్కువగా రాసింది ఆయనే. 1943 సెప్టెంబరులో పుట్టాడు. తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ బడిపంతులు. యుద్ధం తప్పని నమ్మి మొదట ఆయుధం పట్టనన్నాడు, లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో అంబులెన్స్ నడిపాడు. తర్వాత మనసు మార్చుకుని సైన్యంలో చేరాడు. 1944 ఫిబ్రవరి 18న ఇటలీలో, ఆంజియో తీరానికి దగ్గర్లో జరిగిన పోరులో చనిపోయాడు. అప్పటికి రోజర్‌కు ఐదు నెలలు. దేహం దొరకలేదు. సమాధి తెలియని సైనికుల పేర్లు చెక్కిన కసీనో స్మారకం మీద ఆయన పేరు ఉంది.

ఐదు నెలల బిడ్డకు తండ్రి గొంతు గుర్తుండదు, వాసన గుర్తుండదు. మూడేళ్ల లోపు సంఘటనలు మనలో చాలామందికి నిలవవు. మరి ఆయన దేన్ని పట్టుకుని రాశాడు? ఇంట్లో మిగిలినవాటిని పట్టుకుని రాశాడు. ఒక పాటలో తండ్రి అంటే ఇంటి ఆల్బమ్‌లో ఉన్న ఒక ఫొటో. ఇంకో పాటలో, పాత ఫొటోల సొరుగులో దాచిపెట్టిన ఒక కాగితం దొరుకుతుంది. రాజుగారు పంపిన సంతాప పత్రం అది. బంగారు పూత ఉంది, కింద సంతకం ఉంది. ఆ సంతకం రబ్బరు స్టాంపుతో కొట్టినది. నాన్న చనిపోయాడు, నాకు ఏడుపొస్తోంది అని వంద పంక్తులు రాసినా ఆ రబ్బరు స్టాంపు దగ్గరకు రావు. పిల్లవాడికి గుర్తున్నది నాన్న కాదు, నాన్న ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ ఉన్న సొరుగులూ కాగితాలూ, అమ్మ మాట్లాడని సంగతులూ వాడికి చాలా బాగా గుర్తుంటాయి.

అపోహ: గుండెలో బాధ ఉంటే పాట దానంతటదే తన్నుకొస్తుంది.

వాస్తవం: తన్నుకొచ్చేది ఏడుపు. పాటకు ఏళ్లు పడుతుంది.

వాటర్స్ పాటలను ఏళ్ల వరసలో పెట్టి వింటే ఇది చెవికే తెలుస్తుంది. 1968లో ఆయనకు పాతికేళ్లు కూడా లేవు. కొయ్యకాలు ఉన్న ఒక సైనికుడి మీద నవ్వులాటగా పాట రాశాడు. అందులో కజూ మోగుతుంది, తిరునాళ్లలో పిల్లలు ఊదే బూరలా. కానీ ఆ సైనికుడికి కాలు పోయిన సంవత్సరం అడిగితే పాట 1944 అంటుంది. తండ్రి పోయిన ఏడాది! నాన్న మాట ఎక్కడా లేదు, అంకె మాత్రం జారి పాటలో పడింది. 1972లో ఇంకో పాట, అదీ హుషారైన నడకే. అందులో చనిపోయినవాడి కొడుకునని ఒక్క చోట అంటాడు, తండ్రిని కందకంలో పూడ్చారని అంటాడు, వెంటనే ముందుకెళ్లిపోతాడు. 1979లో వచ్చిన ది వాల్, అంటే గోడ, అనే ఆల్బమ్‌లో ఆ తండ్రి కథకు మధ్యలోకి వచ్చాడు. సంతాప పత్రం పాట 1982లో, ఆ ఆల్బమ్ ఆధారంగా తీసిన సినిమాతో బయటికొచ్చింది. 1983లో ఒక ఆల్బమ్ మొత్తాన్నే తండ్రికి అంకితమిచ్చాడు. అంతకు ముందు ఏడాదే ఫాక్లాండ్స్ యుద్ధం జరిగింది. కొత్త యుద్ధం వస్తే పాత గాయం లేస్తుంది. అంకె నుంచి అంకితం దాకా రావడానికి ఆయనకు పదిహేనేళ్లు పట్టింది. నా దగ్గరికొచ్చే పదహారేళ్ల పిల్లకు రెండు నెలల్లో రావాలని నేనెలా అడగను?

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఊరూ పేరూ వద్దు. తనకు నాలుగేళ్లప్పుడు నాన్న సరిహద్దులో పోయాడు. మొదటిసారి రాసి తెచ్చిన పాటలో చీకటి, శూన్యం, కన్నీటి సంద్రం, ఆరిన దీపం అన్నీ ఉన్నాయి. ఆ మాటలు ఎవరి నాన్న గురించైనా పనికొస్తాయి. నేను పాట గురించి ఏమీ అనలేదు. "మీ ఇంట్లో నాన్నది ఏ వస్తువుందమ్మా?" అని మాత్రం అడిగాను.

"నల్ల ట్రంకు పెట్టె ఉంది మాస్టారూ. మూత మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు రాసుంటాయి. ఇప్పుడు నా పుస్తకాలు అందులోనే పెట్టుకుంటాను."

"తాళం ఉందా?"

"అమ్మ కొంగున కట్టుకుంటుంది."

జవాన్ల ఇళ్లు తెలిసినవాళ్లకు ఆ పెట్టె తెలుసు. ఆ పిల్ల నాలుగు వారాలు దాని మీదే కూర్చుంది. చివరికి తెచ్చిన పల్లవి ఇది:

పెట్టె మీద పేరు నీది
పెట్టెలోన పుస్తకాలు నావి
తాళం చెవి అమ్మ కొంగున ఉంది

ఏడుపు మాట ఒక్కటీ లేదు. పాడుతుంటే గదిలో ఎవరూ కదల్లేదు.

ఈ పద్ధతి నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మా వైపు చావింట్లో ముసలమ్మలు రాగాలు తీసి ఏడుస్తారు కదా, వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. మన భాష ఏడుపునే రాగం తీయడం అంటుంది. వాళ్లు రాగం తీసేటప్పుడు శూన్యం గురించి చెప్పరు. నీ గొడుగు మూలనుందిరా అంటారు, నువ్వు నాటిన జీడిమొక్క పూతకొచ్చిందిరా అంటారు. ఒక్కో వస్తువునూ పిలిచి సాక్ష్యం చెప్పిస్తారు.

అపోహ: ఇలాంటి పాటకు శోక రాగమే కట్టాలి, నెమ్మదిగా పాడాలి.

వాస్తవం: ముఖారి అంటే శోకమనే మాట చిన్నప్పటి నుంచి వింటాం. అదే ముఖారిలో త్యాగరాజస్వామి శబరి భాగ్యాన్ని చూసి పొంగిపోయాడు. రాగం ఒక్కటే ఏ భావాన్నీ మోయదు. నడక, మాట, ఎక్కడ ఊపిరి తీస్తాం, ఇవన్నీ కలిస్తేనే. వాటర్స్ సంతాప పత్రం పాట వినండి. మగవాళ్ల బృందగానం, ఇత్తడి బూరలు, సైనిక లాంఛనంలా సాగుతుంది. ఏ వ్యవస్థ తన తండ్రిని పంపించిందో ఆ వ్యవస్థ స్వరంలోనే తన కోపాన్ని పాడాడు. ట్రంకు పెట్టె పాటను మేము శివరంజనిలో మొదలుపెట్టి రెండు రోజుల్లో వదిలేశాం. జోలపాట నడకలోకి మార్చాక నిలబడింది.

అపోహ: వాటర్స్ పాటలన్నిటికీ తండ్రి మరణమొక్కటే కారణం.

వాస్తవం: గోడ ఆల్బమ్ ఆలోచన పుట్టింది ఇటలీ యుద్ధంలో కాదు, కెనడాలో. 1977 జులైలో మాంట్రియల్ స్టేడియంలో కచేరీ చేస్తూ, ముందు వరుసలో అరుస్తున్న ఒక అభిమాని మీద వాటర్స్ ఉమ్మాడు. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది. నాకూ జనానికీ మధ్య ఒక గోడ ఉందని అప్పుడు తోచింది. ఆ గోడకు ఒక్కో ఇటుక వెతుకుతూ పోతే తండ్రి దొరికాడు. తండ్రితో పాటు బడిలో పంతుళ్లు, అతిగా కాపాడిన తల్లి, పేరు ప్రఖ్యాతులు కూడా దొరికాయి. తండ్రి లేని పిల్ల రాసే ప్రతి పాటలోనూ తండ్రిని వెతకకండి. వాళ్లకూ వాన మీద, బస్సు మీద, స్నేహితురాలి మీద పాట రాసుకునే హక్కుంది.

అపోహ: యుద్ధం పాటలు వేరే దేశాలవి. మన దగ్గర యుద్ధమెక్కడ జరిగింది?

వాస్తవం: బొబ్బిలి మనకు ఎంత దూరం? 1757 జనవరి 24న కోట పడింది. రంగారావు పోయాడు, కోటలో స్త్రీలు పోయారు, ఆయన పసికొడుకు బతికాడు. ఆ పసివాడు పాట కట్టలేదు, కథ చెప్పేవాళ్లు కట్టారు. తరతరాలుగా బొబ్బిలి కథ విన్నవాళ్లం మనం. పద్మనాభం యుద్ధం 1794 జులై 10న. విజయనగరం రాజు చిన్న విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో అక్కడే చనిపోయాడు. ఆయనకూ వెనక ఒక కొడుకు మిగిలాడు.

ఇంకా దగ్గరకొస్తాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. జనం పట్నం ఖాళీ చేసి లోపలి ఊళ్లకు పరుగెత్తారు. మా మామ్మ ఆ పరుగులో ఉంది. అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల. విజయనగరం చేరాక, తెలిసినవాళ్ల పశువులపాకలో ఉండగా, చెల్లెలు జ్వరం తగిలి మూడో రోజున పోయింది. బాంబు తగిలి పోలేదు కాబట్టి యుద్ధంలో పోయినట్టు ఎవరూ లెక్కవేయలేదు. మామ్మకు చదువు రాదు. మమ్మల్ని ఊపుతూ ఒక జోలపాట పాడేది. అందులో ఒక పేరు వచ్చేది. అది నా పేరు కాదు, అన్నయ్యది కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు. ఆవిడ పాట అంతే కాబోలు అనుకున్నాం. నాకు పెళ్లయ్యాక, నా కూతుర్ని ఊపుతూ అదే పేరు పాడుతుంటే "ఎవరిది మామ్మా ఆ పేరు?" అని అడిగాను. "మా సెల్లిదిరా" అంది. అరవై ఏళ్ల పాటు ఆ పేరును ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ చెవిలోనూ వేసింది. పాట కట్టడం గురించి అంతకంటే పెద్ద పాఠం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ బాణీ నా దగ్గరుంది. ట్రంకు పెట్టె పాటకు ఆ నడకే ఇచ్చాను.

అపోహ: చిన్నప్పుడు దెబ్బ తిన్నవాడే గొప్ప కళాకారుడవుతాడు.

వాస్తవం: ఈ మాట నన్ను చాలా బాధపెడుతుంది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ నమ్మాను. ఘంటసాల గారి సంగతి చూడండి. ఆయనది యుద్ధం కాదు, కానీ చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరం వచ్చి, మధుకరం ఎత్తుకుని తిని సంగీతం నేర్చుకున్నారు. ఆకలి ఆయనకు సంగీతం నేర్పలేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా నేర్పారు. జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్లు ఉన్నారు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఊళ్లో ఉంది. సూడాన్ యుద్ధంలో తల్లిని పోగొట్టుకుని, బాల సైనికుడై తుపాకీ పట్టిన ఇమ్మాన్యుయేల్ జాల్ తర్వాత శాంతి కోసం పాడే ర్యాప్ గాయకుడయ్యాడంటే, మధ్యలో ఎమ్మా మెక్యూన్ అనే సహాయ కార్యకర్త అతన్ని కెన్యాకు దాటించింది. అతనితో పాటు తుపాకీ పట్టి, ఎవరూ దాటించని పిల్లలు ఎందరో. వాళ్ల పాటలు మనకు లేవు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పదిహేనేళ్ల కిందట ఒక అబ్బాయి వచ్చేవాడు, మంచి శ్రుతి. నాన్న సైన్యంలో పోయాడని తెలిసి, ఆగస్టు 15కు నాన్న మీద పాట రాయమని బలవంతం చేశాను. సభవాళ్లు వాడిని పాటగాడిగా కాకుండా అమరవీరుడి కొడుకుగా పరిచయం చేశారు. వాడు రెండో చరణంలో ఆగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు, ఏడుస్తున్నాడని. ఆ తర్వాత నా గదికి రాలేదు. ఇంటికెళ్లి అడిగితే వాళ్లమ్మ తలుపు దగ్గరే నిలబడి, "వాడికి పాటంటే టెన్షన్ వచ్చేస్తోంది మాస్టారూ" అంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నేనుగా తవ్వను. పిల్లలే తెస్తే వింటాను, రాసింది ఎవరికి వినిపించాలో వాళ్లే చెబుతారు. పాట మధ్యలో ఆపేయాలనిపిస్తే ఆపేయొచ్చు. నిద్ర పట్టడం లేదన్నా, తిండి మానేసినా అది నా హార్మోనియంతో తేలే పని కాదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడి డాక్టరు దగ్గరకు పంపిస్తాను.

అపోహ: పాట రాసేస్తే ఆ బాధ తీరిపోతుంది.

వాస్తవం: తండ్రి సరిగ్గా ఎక్కడ పోయాడో వాటర్స్‌కు తెలిసింది డెబ్బై ఏళ్ల వయసులో. ఆంజియోలో పోరాడిన హ్యారీ షిండ్లర్ అనే మాజీ సైనికుడు పాత కాగితాలు వెతికి ఆ చోటు పట్టుకున్నాడు. 2014 ఫిబ్రవరిలో, అదే తేదీకి, అప్రీలియా దగ్గర పెట్టిన స్మారకం ముందు వాటర్స్ నిలబడ్డాడు. ఆ మరణం మీద ఆయన పాటలు వచ్చి అప్పటికే ముప్పై ఏళ్లు దాటింది. తీరిపోయి ఉంటే అంత దూరం వెళ్లడు కదా.

ట్రంకు పెట్టె అమ్మాయి ఇప్పుడు వైజాగ్‌లో ఉద్యోగం చేస్తోంది. పోయిన ఏడాది సిరిమాను సంబరం అయిన మర్నాడు వచ్చింది. హార్మోనియం ముందు కూర్చుని, "పాటలో ఒక మాట మార్చాలి మాస్టారూ" అంది. పల్లవి రెండు పంక్తులూ అలాగే పాడింది. మూడో పంక్తి దగ్గర ఒక్క క్షణం ఆగి, తాళం చెవి నా చేతికొచ్చింది అని పాడింది. వాళ్లమ్మ ఎలా ఉందని నేను అడగలేదు. శ్రుతి అర మెట్టు తగ్గించి, మళ్లీ మొదటి నుంచి పాడమన్నాను.