"మీ దేశంలో అందుబాటులో లేదు" అని ఎందుకంటుంది?

పిల్లలకు,

మీ అందరి ఫిర్యాదూ ఒకటే. సెలవులకి వచ్చినప్పుడు ఇక్కడ చక్కగా చూసిన కార్యక్రమాన్ని అక్కడికి వెళ్లి పెడితే తెరంతా నల్లగా అయిపోయి "ఈ వీడియో మీ దేశంలో అందుబాటులో లేదు" అని వస్తోంది. యాప్ అదే, పాస్‌వర్డ్ అదే, డబ్బు కూడా కట్టే ఉంది. ఇంటర్నెట్ స్లోగా ఉందేమో అని ఇంట్లో పెద్దవాళ్లు రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తుంటారట. పాపం రౌటర్ ఏ తప్పూ చెయ్యలేదు, దాన్ని వదిలెయ్యమనండి. బొమ్మ మీ ఇంటిదాకా రాలేక ఆగట్లేదు, రాకూడదని ఎవరో కాగితం మీద సంతకం పెట్టారు కాబట్టి ఆగుతోంది.

ఒకప్పుడు మాత్రం నిజంగా దూరమే అడ్డు. టవర్ నుంచి వచ్చే టీవీ సిగ్నల్ దాదాపు సూటిగా పోతుంది, భూమేమో గుండ్రంగా ఉంది, అందుకని టవర్ ఎంత ఎత్తు కట్టినా మామూలుగా వంద కిలోమీటర్లు దాటేసరికి బొమ్మ చుక్కలు చుక్కలైపోతుంది. సరిహద్దు పక్కన ఉన్నవాళ్లు పొరుగుదేశం టీవీ చూసేవాళ్లు గానీ, సముద్రం దాటి వెళ్లినవాళ్లకి ఆ ఆశ లేదు. 1962లో టెల్‌స్టార్ అనే ఉపగ్రహం అట్లాంటిక్ మీదుగా బొమ్మలు పంపింది కానీ అది భూమి చుట్టూ గబగబా తిరిగేసేది, రెండు తీరాలకీ ఒకేసారి కనిపించేది ఒక్కో చుట్టులో ఇరవై నిమిషాలు, అంతే. భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాన్ని పెడితే అది భూమితో సమానంగా తిరుగుతూ ఒకే చోట నిలబడినట్టు ఉంటుంది, అలాంటివి మూడుంటే ప్రపంచమంతటికీ ప్రసారం చెయ్యొచ్చు అని సైన్స్ కథల రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే రాశాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌ని అలా నిలబడిన సింకామ్ 3 అనే ఉపగ్రహమే అమెరికాకి చేర్చింది. అయితే అవన్నీ పెద్ద పెద్ద కేంద్రాల మధ్య జరిగే వ్యవహారాలు. మామూలు మనుషులు ఇంటిమీద డిష్ పెట్టుకోవడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది.

ఈలోపు విదేశాల్లో ఉన్నవాళ్లు ఏం చేశారంటారా? వీడియో క్యాసెట్లు. ఎవరైనా సొంత దేశం వెళ్లొస్తుంటే బట్టల మధ్య క్యాసెట్లు పెట్టుకుని వచ్చేవాళ్లు, అవి ఇల్లిల్లూ తిరిగి తిరిగి అరిగిపోయేవి. అక్కడ కూడా ఒక తిరకాసు ఉండేది. టీవీ బొమ్మని గీతలుగా కూర్చే పద్ధతి దేశాన్ని బట్టి మారేది. కొన్ని దేశాల్లో పాల్ పద్ధతి, బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. కొన్నిట్లో ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, దాదాపు 30 బొమ్మలు. ఫ్రాన్స్‌లాంటి చోట్ల సెకామ్. ఒక పద్ధతిలో రికార్డ్ చేసిన క్యాసెట్‌ని ఇంకో పద్ధతి ప్లేయర్‌లో పెడితే బొమ్మ కిందనుంచి పైకి దొర్లుతూనే ఉండేది, లేకపోతే రంగు పోయి నలుపు తెలుపు అయ్యేది. ఆ గోడ చాలావరకు ఇంజనీర్లు వేర్వేరు దారుల్లో పోవడం వల్ల వచ్చింది. తర్వాత వచ్చిన డీవీడీల రీజియన్ నంబర్లు మాత్రం, ఒక ప్రాంతం డిస్క్ ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకూడదని కావాలని పెట్టినవే: అమెరికాకి 1, యూరప్‌కి, జపాన్‌కి 2, ఇలాగ. నాకు తెలిసి, మీరిప్పుడు చూస్తున్న నల్లతెరకి తాత ఈ నంబరే.

డిష్‌లు వచ్చాక వలస వెళ్లినవాళ్ల జీవితమే మారిపోయింది. ఈ మాట అతిగా అనిపిస్తే కోర్టుల దాకా వెళ్లిన రెండు కథలు చెప్తాను. జర్మనీలో ఒక టర్కీ కుటుంబం అద్దె ఇంటికి డిష్ పెట్టుకుంటామంటే యజమాని కుదరదన్నాడు. 1994లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, సొంత దేశం వార్తలు, సంస్కృతి తెలుసుకోవాలనే వాళ్ల హక్కుని కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఇంటి అందం ఒక్కటే చూస్తే సరిపోదు అంది. స్వీడన్‌లో ఇంకో కుటుంబం, ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు, ముగ్గురు పిల్లలు. అరబిక్, ఫార్సీ కార్యక్రమాల కోసం పెట్టుకున్న డిష్ తియ్యనన్నందుకు ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. 2008 డిసెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ కుటుంబానికి అన్యాయం జరిగిందని తీర్పు ఇచ్చింది. సమాచారం అందుకునే స్వేచ్ఛ అంటే రాజకీయ వార్తలే కాదు, సొంత భాషలో వినోదం కూడా అందులోదే అని ఆ తీర్పులో చెప్పారు. అద్దె ఇంట్లో గొడవపడి ఉపగ్రహం వైపు ఒక పళ్లెం తిప్పుకోవడం మానవ హక్కుల కేసు అయ్యిందంటే, టీవీయే కదా అని తీసిపారేసే పెద్దవాళ్లకి ఇది చూపించండి.

ఇప్పుడు అసలు విషయం. ఉపగ్రహం కిరణం టార్చిలైటు లాంటిది: వెడల్పుగా వేస్తే ఖండమంతా పడుతుంది, సన్నగా వేస్తే ఒక్క దేశం మీదే పడుతుంది. స్పెయిన్‌లో స్థిరపడ్డ బ్రిటన్ వాళ్లు ఎన్నో ఏళ్లు డిష్‌లు పెట్టుకుని తమ దేశం చానెళ్లు హాయిగా చూశారు. 2014 ఫిబ్రవరిలో బీబీసీ వగైరా చానెళ్లు ఆస్ట్రా 2ఈ అనే కొత్త ఉపగ్రహానికి మారాయి. దాని కిరణం బ్రిటన్ మీదకే బిగించి వేసినది. స్పెయిన్‌లో చాలా ఇళ్లలో తెరలు ఖాళీ అయ్యాయి. దూరం మారలేదు, చూసే ఇల్లు మారలేదు, వెలుతురు వలయం చిన్నదైంది.

ఎందుకు చిన్నది చేసుకోవాలి? ఎక్కువమంది చూస్తే మంచిదేగా అని మీకు అనిపిస్తుంది. కానీ చానెల్ చూపించేదంతా చానెల్ సొంతం కాదు. సినిమా హక్కులు, క్రికెట్ హక్కులు, ఫుట్‌బాల్ హక్కులు అన్నీ దేశాల వారీగా అమ్ముతారు. ఈ దేశానికి ఒకరు కొంటారు, పక్క దేశానికి ఇంకొకరు కొంటారు, మా దేశంలో ఇంకెవరూ చూపించకూడదు అని కొన్నవాళ్లు రాయించుకుంటారు, ఆ ధర ఆ మాట మీదే పలుకుతుంది. మీ ఊళ్లోని కంపెనీ డబ్బు పోసి కొన్న మ్యాచ్‌ని నేను చూసే చానెల్ మీకు ఉచితంగా చూపిస్తే ఆ కంపెనీ ఊరుకోదు. అందుకే మీ యాప్‌లో సీరియల్ వస్తుంది, మ్యాచ్ రాదు, వార్తల మధ్యలో ఆట దృశ్యాలు వచ్చేసరికి ఒక బోర్డు పెట్టేస్తారు.

ఈ పద్ధతిని ఎదిరించినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ అనే ఊళ్లో పబ్ నడిపే కరెన్ మర్ఫీ, అక్కడి రేటు భరించలేక చానెల్ తాళం తీసే గ్రీసు డీకోడర్ కార్డుతో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ చూపించింది. జరిమానా వేశారు, ఆవిడ వదల్లేదు. 2011 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం (బ్రిటన్ అప్పుడు ఆ యూనియన్‌లోనే ఉంది), ఒక సభ్యదేశం కార్డుని ఇంకో సభ్యదేశంలో వాడకూడదని అడ్డుకోవడం యూరప్ చట్టానికి విరుద్ధం అంది. 2018 ఏప్రిల్ 1 నుంచైతే యూరోపియన్ యూనియన్‌లో డబ్బు కట్టి తీసుకున్న సబ్‌స్క్రిప్షన్ ఇంకో సభ్యదేశానికి తాత్కాలికంగా వెళ్లినప్పుడు కూడా పనిచెయ్యాలని రూలు పెట్టారు. తాత్కాలికంగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. అక్కడే కాపురం పెట్టినవాళ్లకి అది వర్తించదు.

మీరెక్కడున్నారో యాప్‌కి ఎలా తెలుస్తుందంటే, ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఒక ఐపీ అడ్రస్, అంటే చిరునామాలాంటి నంబరు, ఉంటుంది. ఈ అడ్రస్‌లని ప్రాంతాల వారీగా గుత్తులుగా పంచుతారు కాబట్టి అడ్రస్ చూసి దేశం ఏదో చాలావరకు చెప్పెయ్యొచ్చు. దానికి తోడు మీ ఫోన్ లొకేషన్, యాప్ స్టోర్ ఖాతా ఏ దేశానిది, డబ్బు కట్టిన కార్డు ఏ దేశానిది అని కూడా కొందరు చూస్తారు. మీలో తెలివైనవాళ్లు వెంటనే వీపీఎన్ అంటారని తెలుసు. వీపీఎన్ చేసేది, మీ కనెక్షన్‌ని ఇంకో దేశంలోని సర్వర్ గుండా తిప్పి ఆ సర్వర్ అడ్రస్‌ని చూపించడం. టీవీ కంపెనీలు కూడా ఊరికే కూర్చోలేదు, అలాంటి సర్వర్ల అడ్రస్‌లు పట్టి ఆపుతుంటాయి. వీపీఎన్‌తో అలా చూడటం చాలా యాప్‌ల షరతులకి విరుద్ధం, కొన్ని దేశాల్లో వీపీఎన్ మీద చట్టాలే వేరు, ఉచితంగా ఇచ్చేదైతే మీరు ఏ సైట్లు చూస్తున్నారో దాన్ని నడిపేవాడికి తెలిసే అవకాశం ఉంది. పెద్దవాళ్లని అడక్కుండా పెట్టుకోవద్దు, ఇక్కడ మాత్రం నేను తాతలాగే మాట్లాడతాను. ఒక్కసారి డబ్బు కడితే వేల చానెళ్లు జీవితాంతం అని అమ్మే బాక్సులైతే అసలు ఇంట్లోకే రానివ్వకండి. అంత డబ్బుకి అన్ని హక్కులు ఎవరూ కొనలేరు, అంటే దొంగ ప్రసారమే. ఏదో ఒక రోజు ఆగిపోతుంది, ఆగేదాకా మీ ఇంటి వైఫైలో ఎవరిదో తెలియని సాఫ్ట్‌వేర్ కూర్చుని ఉంటుంది.

సరైన దారులు లేకపోలేదు. చాలా దేశాలు బయట ఉన్నవాళ్ల కోసమే చానెళ్లు నడుపుతాయి, ఫ్రెంచ్ భాషవాళ్ల టీవీ5 అయితే 1984 నుంచీ ఉంది. మీ దగ్గరి కేబుల్ వాళ్ల ప్యాకేజీలు, చానెల్ వాళ్లే విదేశాలకి విడిగా పెట్టే యాప్ కూడా చూడండి. కొనే ముందు మీకు కావలసిన కార్యక్రమం అందులో ఉందో లేదో అడగాలి, చానెల్ పేరు ఒకటే అయినా లోపల వచ్చేది వేరే ఉంటుంది.

ఒక సంగతి మాత్రం పెద్దవాళ్లు కూడా పట్టించుకోరు. అన్నిటికంటే సులభంగా, ఉచితంగా బయటికి దొరికేవి వార్తలు. ఎందుకంటే వార్తలు చానెల్ సొంతంగా తీసుకుంటుంది, వాటికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు. దాంతో ఏమవుతుందంటే, ఇక్కడ ఉన్నవాడు వార్తలతోపాటు పాటల పోటీ, వంటలు, పిల్లల కార్యక్రమాలు, ఏమీ జరగని మధ్యాహ్నాలు కూడా చూస్తాడు, విదేశంలో ఉన్నవాడికి మాత్రం బ్రేకింగ్ న్యూస్, అరుపుల చర్చలు, వరదలు, ఎన్నికలు మాత్రమే అందుతాయి. కొన్నాళ్లకి వాడి మనసులో సొంత దేశం ఎప్పుడూ మంటల్లో ఉంటుంది. ఒక వీధిలో నీళ్లు నిలిస్తే అదే దృశ్యాన్ని రోజంతా తిప్పి తిప్పి చూపిస్తారు, మీ అమ్మానాన్నలు టెన్షన్ పడి ఇక్కడికి ఫోన్ చేస్తారు, ఇక్కడ మేమేమో అప్పటికే ఆరిన రోడ్డు మీద నడిచి వచ్చి ఉంటాం. వాళ్లని తప్పు పట్టను, దొరికింది చూస్తున్నారు. మీరైనా వార్తలు గంటలకొద్దీ పెట్టకుండా, దొరికితే ఒక మామూలు కార్యక్రమం, ఏ గొడవా లేనిది, వెతికి పెట్టండి.

లైవ్ చూసేటప్పుడు గడియారం కూడా చూసుకోండి. మీ దేశంలో వేసవికి గడియారం గంట ముందుకి జరిపి ఇక్కడ జరపకపోతే, మొన్నటిదాకా ఎనిమిదికి వచ్చిన కార్యక్రమం ఉన్నట్టుండి తొమ్మిదికి వస్తుంది, చానెల్ మార్చిందనుకోకండి. ఇంటర్నెట్‌లో లైవ్ అంటే నిజంగా ఆ క్షణం కాదు కూడా. వీడియోని ముక్కలు చేసి, పంపి, కొంత ముందుగా దాచుకుని చూపిస్తుంది కాబట్టి అర నిమిషం వెనక ఉండటం మామూలే. కాబట్టి మ్యాచ్ రోజున నా ఫోన్ ఎత్తకండి, నేను ఇక్కడ డిష్‌లో చూసి ముందే అరిచేస్తాను. మీ పిన్నిని కూడా కుటుంబం గ్రూపులోంచి ఆ కాసేపు మ్యూట్ చెయ్యండి, ఆవిడ నాకంటే త్వరగా టైప్ చేస్తుంది.

మీ తాత