రోవర్‌ను అంగారకుడిపై దించడం: అపోహలు - వాస్తవాలు

ఏ పెళ్లిలో కనిపించినా మా పిన్ని చాలాకాలం ఒకటే అడిగేది: "ఏరా, ఇక్కడ కూర్చుని రిమోట్ నొక్కితే అక్కడ దిగిపోతుందటగా?" వేరే గ్రహాలపై దిగే వాహనాల సాఫ్ట్‌వేర్‌ను సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లోనే నకలుగా దించి, పరీక్షించడం నా పని. కాబట్టి పిన్ని ప్రశ్నతోనే మొదలుపెడతాను.

అపోహ: భూమి మీద నుంచి నడిపిస్తూ దించుతారు

2021 ఫిబ్రవరి 18న నాసా రోవర్ (చక్రాల మీద తిరిగే వాహనం) పర్సెవరెన్స్ అంగారకుడి మీది జెజెరో బిలంలో దిగింది. ఆ రోజు అక్కడి సిగ్నల్ మన దగ్గరికి రావడానికి 11 నిమిషాల పైనే పట్టింది. వాతావరణం అంచు తాకడం మొదలు చక్రాలు నేలకు ఆనడం వరకు మొత్తం తతంగం 7 నిమిషాల్లో అయిపోయింది. అంటే "లోపలికి వచ్చాను" అన్న కబురు భూమికి అందేటప్పటికే అక్కడ ఏం జరగాలో అది జరిగిపోయింది. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

అపోహ: పారాచూట్ ఉంటే చాలు

అంగారకుడి నేల మీద గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో ఒక శాతం కూడా ఉండదు. ఆ గాలి వాహనాన్ని మాడ్చడానికి సరిపోతుంది గానీ ఆపడానికి సరిపోదు. పర్సెవరెన్స్ గంటకు సుమారు 19,500 కి.మీ. వేగంతో వచ్చింది. ఆ వేగంలో చాలాభాగాన్ని వేడి కవచమే మింగింది, 1300 డిగ్రీల దాకా కాగుతూ. గంటకు 1,500 కి.మీ. దగ్గర 21.5 మీటర్ల పారాచూట్ విచ్చుకుంది. అంత పెద్ద పారాచూట్ కూడా వేగాన్ని 320 కి.మీ. వరకే తగ్గించగలిగింది. మిగతాది 8 రాకెట్ ఇంజిన్ల పని. ఆఖరున ఆ ఇంజిన్లున్న భాగం నుంచే రోవర్‌ను 6 మీటర్ల పైచిలుకు పొడవున్న తాళ్లతో, మనిషి నింపాదిగా నడిచే వేగంలో కిందికి జారవిడిచారు. తాళ్లు ఎందుకంటే, ఇంజిన్లు నేలకు దగ్గరగా వస్తే ఆ మంట ధాటికి దుమ్మూ రాళ్లూ లేచి రోవర్‌నే కొడతాయి.

2018లో ఈ రకం పారాచూట్‌ను రాకెట్‌తో పైకి తీసుకెళ్లి, సుమారు 38 కి.మీ. ఎత్తులో తెరిచి పరీక్షించారు. అక్కడి గాలి అంగారకుడి గాలంత పలచగా ఉంటుంది. సెకనులో పదింట నాలుగు వంతుల్లో విచ్చుకుని 30 టన్నులకు పైగా లాగుడును తట్టుకుంది. వాడిన గుడ్డ నైలానే. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో!

అపోహ: ఎయిర్‌బ్యాగులు చౌకే కదా, వదిలేశారెందుకు?

1997లో పాత్‌ఫైండర్, 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ అలాగే బంతుల్లా ఎగిరెగిరి ఆగాయి. అవి తేలికపాటివి. తర్వాత వెళ్లిన క్యూరియాసిటీ రోవర్ 899 కిలోలు, అంత బరువును ఆ సంచులు ఆపలేవు.

అపోహ: ఏదో ఒకటి విరిగితేనే వాహనం కూలుతుంది

నన్ను బాగా కలవరపెట్టే అపోహ ఇదే. ఏమీ విరగకుండానే వాహనాలు పోతాయి.

2016 అక్టోబర్ 19న యూరప్ పంపిన షియాపరెల్లీ అంగారకుడి మీద దిగుతోంది. పారాచూట్ బాగానే తెరుచుకుంది. అప్పుడు వాహనం అనుకున్నదానికన్నా ఎక్కువగా ఊగడంతో, తిరుగుడును కొలిచే సెన్సర్ దాదాపు ఒక సెకనుపాటు తన గరిష్ఠ పరిమితి దగ్గరే ఉండిపోయింది. ఆ తప్పుడు అంకెను కంప్యూటర్ నమ్మి ఎత్తు లెక్కగట్టుకుంటే సున్నా కంటే తక్కువ వచ్చింది. అంటే తాను నేలలోపల ఉన్నానని అనుకుంది. పారాచూట్ వదిలేసింది. సుమారు 30 సెకన్లు మండాల్సిన ఇంజిన్లను 3 సెకన్లకే ఆపేసింది. అసలు ఎత్తు 3.7 కి.మీ.

నా టేబుల్ మీద అలాంటి సెన్సర్ ఒకటి ఉంది. దాన్ని చేత్తో గిర్రున తిప్పితే తెర మీద గీత చివ్వున లేస్తుంది. ఇంకా గట్టిగా తిప్పితే పైకి పోయి, కత్తితో కోసినట్టు బల్లపరుపుగా సాగుతుంది. కొత్తగా చేరినవాళ్లు లేచిన గీతను చూసి కంగారుపడతారు. నాకు భయం వేసేది ఆ చదును గీతను చూస్తేనే. సెన్సర్ పాడైనట్టు కనిపించదు, నిబ్బరంగా అబద్ధం చెబుతూ ఉంటుంది.

1999లో అంగారకుడి మీద దిగబోయి పోయిన నాసా వాహనం మార్స్ పోలార్ ల్యాండర్ విషయంలోనూ విచారణ ఇలాంటి దాన్నే బలమైన కారణంగా తేల్చింది. కాళ్లు చాచుకున్నప్పటి కుదుపును నేల తాకడంగా పొరబడి, ఇంకా సుమారు 40 మీటర్ల ఎత్తులో ఉండగానే ఇంజిన్లు ఆపేసి ఉంటుందని.

అపోహ: మొత్తం దిగే పద్ధతిని ముందే భూమి మీద చేసి చూస్తారు

కుదరదు. అంగారకుడి గాలి, గురుత్వాకర్షణ, ఆ వేగం మూడూ ఒకేచోట మనకు దొరకవు. పారాచూట్ ఒకచోట, ఇంజిన్ ఒకచోట, రాడార్ ఇంకోచోట విడివిడిగా పరీక్షిస్తారు. వాటిని కలిపి చూసేది సిమ్యులేషన్‌లోనే. గాలివాటం, బరువు, పారాచూట్ తెరుచుకునే క్షణం ఒక్కోసారి ఒక్కోలా మార్చి వేలసార్లు దించి చూస్తాం. అందులో కూలిన వాటి దగ్గరే మా రోజంతా గడుస్తుంది.

అపోహ: చంద్రుడి మీద దిగడం దీనికంటే తేలిక

అక్కడ గాలే లేదు, పారాచూట్ పనికిరాదు. వేగమంతా ఇంజిన్లతోనే తగ్గించాలి. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ (దిగే వాహనం) విక్రమ్ చివరి ఘట్టంలో కూలింది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3లో కాళ్లను బలపరిచారు. అర కిలోమీటరు చదరంగా ఉన్న దిగే చోటును 4 కి.మీ. పొడవు, 2.4 కి.మీ. వెడల్పుకు పెంచారు. నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు, నేల వైపు లేజర్ వేసి వేగాన్ని నేరుగా కొలిచే పరికరం. లెక్కగట్టిన వేగం తప్పైతే, కొలిచిన వేగం దాన్ని పట్టిస్తుంది.

ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3లోని కొత్త విక్రమ్ కడుపులో 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్‌తో దిగుతుంటే, టీవీలో అడ్డం వేగం, నిలువు వేగం అంకెలు తగ్గుతున్నాయి. పిన్ని ఫోన్ చేసింది. ఈసారి రిమోట్ ఊసే లేదు.

"ఒరేయ్, ఆ అంకెలు దానికి ఎవరు చెబుతున్నార్రా?"