పిల్లలు ఎందుకు తగ్గారు? ఆంధ్ర లెక్కలపై అపోహలు - వాస్తవాలు

జనాభా లెక్కలు చూడటం నా వృత్తి. ‘ఎక్కువ మందిని కనండి’ అని నాయకులు చెప్పడం మొదలుపెట్టాక ఈ అపోహలు మరీ ఎక్కువగా వినిపిస్తున్నాయి.

అపోహ: ఆడపిల్లలు చదువుల్లో పడి పెళ్లి ఆలస్యం చేసుకోవడం వల్లే కాన్పులు తగ్గాయి.

వాస్తవం: కేరళ గురించి అలా అంటే కొంత ఒప్పుకుంటాను. 2011లో అక్కడ స్త్రీల అక్షరాస్యత 92 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 59 శాతమే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటున పిల్లలు కేరళలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. అదే సర్వేలో 20-24 ఏళ్ల ఆంధ్ర యువతుల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. పెళ్లి తొందరగా, పిల్లలు తక్కువగా! ఇదెలా సాధ్యం? ఆపరేషన్ వల్ల. వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్రమిది. ఇంకా ఎంతమందిని కనాలనుకుంటున్నారని పాతికేళ్ల తల్లిని అడిగితే, ‘ఇద్దరయ్యారు, ఆపరేషన్ కూడా అయిపోయిందండీ’ అంటుంది. మన సర్వేలకు ఇది మామూలు జవాబు.

అపోహ: చేతిలో డబ్బు పెడితే మూడో బిడ్డను కంటారు.

వాస్తవం: పూర్వం పొలంలో చేతికి అందివచ్చిన బిడ్డకు ఇప్పుడు ఏళ్ల తరబడి ఫీజులు కట్టాలి. కూలికి వెళ్లే ఇంట్లోనూ ఇంగ్లీషు మీడియం లెక్కలే. దక్షిణ కొరియా ఏళ్లుగా నగదు ఇస్తున్నా సగటు 2023లో 0.72కు పడిపోయింది. అక్కడ పెళ్లి కాకుండా పిల్లల్ని కనేవారు అరుదు. ఇంటి ధరలు, ఉద్యోగ భయాలతో పెళ్లే వాయిదా పడుతుంటే కాన్పు డబ్బు ఎవరు తీసుకోవాలి? కరోనా తర్వాత పెళ్లిళ్లు పుంజుకున్నాకే 2024లో అది 0.75కు చేరింది.

అపోహ: ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు కదా, ఇక పెరుగుతారు.

వాస్తవం: ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. సర్పంచ్ పదవి మీద కన్నున్నవారికి ఊరటే. మిగతావాళ్లు ఆపరేషన్ చేయించుకున్నది నామినేషన్ కోసం కాదు!

అపోహ: స్త్రీకి సగటు పిల్లలు 2.1 (ఒక తరం స్థానాన్ని తర్వాతి తరం భర్తీ చేసే స్థాయి) కంటే తగ్గితే జనాభా వెంటనే తగ్గిపోతుంది.

వాస్తవం: తగ్గదు. ఒకప్పుడు ఎక్కువగా పుట్టినవారే ఇప్పుడు కాన్పుల వయసులో ఉన్నారు. ముందు ఒకటో తరగతి పలచబడుతుంది, తర్వాత పింఛన్ల వరుస పెరుగుతుంది.

అపోహ: పిల్లలు తగ్గితే ఆర్థికాభివృద్ధి దానంతట అదే వస్తుంది.

వాస్తవం: పనిచేసే వయసువారి వాటా పెరగడం అవకాశమే, కానీ వాళ్లకు పని ఉండాలి. పాతికేళ్లకే కాన్పులు ముగించుకున్న ఆ తల్లికి ఇంకా ముప్పై ఐదేళ్ల పని వయసు ఉంది. పదో తరగతితో చదువు ఆగిపోయి ఉంటే, ఊళ్లో ఆమెకు దొరికేది కూలి పనే. నాయకులు ఆమెను మూడో బిడ్డ గురించి అడుగుతున్నారు గాని ఈ ముప్పై ఐదేళ్ల గురించి అడగడం లేదు.