మెంబర్లు పెరిగితే గ్రూపు పెరిగినట్టేనా? అపోహలు - వాస్తవాలు

మిద్దెతోటలు పెంచేవాళ్ల కోసం ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. కొత్తగా గ్రూపు పెట్టినవాళ్లు సలహాకొచ్చినప్పుడల్లా ఇంచుమించు ఇవే మాటలు వినబడుతుంటాయి.

అపోహ: ఎంతమంది ఉంటే అంత మంచిది.

వాస్తవం: వాట్సాప్ గ్రూపులో 1024 మంది, టెలిగ్రామ్‌లో ఏకంగా 2 లక్షల మంది పడతారు. పడతారు కదా అని నింపాలని లేదు. వెయ్యి మంది చూస్తున్నచోట, మొన్ననే కుండీ కొన్నావిడ "మట్టి ఎంతవరకు పోయాలండీ?" అని అడగడానికి మొహమాటపడుతుంది. అడిగేవాళ్లు తగ్గితే ఇక మిగిలేది గులాబీల ఫొటోలు, వాటి కింద చప్పట్ల బొమ్మలు. అందుకే నేను లింకు ఎక్కడా బయట పెట్టను. మెంబర్లు తమకు తెలిసినవాళ్లను తీసుకొస్తే చేర్చుకుంటాను.

అపోహ: రోజూ ఏదో ఒకటి పెడుతుంటేనే గ్రూపు బతుకుతుంది.

వాస్తవం: పొద్దున్నే శుభోదయం, సాయంత్రం క్విజ్... వారం తిరక్కుండానే సగం మంది మ్యూట్‌లో పెట్టేస్తారు. గ్రూపు నిలబడేది జవాబుల మీద. "మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి, ఏం కొట్టాలి?" అని ఎవరో మసక ఫొటో పెడతారు. ఒకరు పుల్ల మజ్జిగ అంటారు, ఇంకొకరు వేపనూనె అంటారు, మూడోవారు ఏదో మందు లింకు పడేస్తారు. అడగాల్సింది ముందు ఒకటుంది: "ముడత పైకా, కిందికా? ఆకు వెనకవైపు ఫొటో పెట్టగలరా?" పైముడత అయితే సాధారణంగా తామర పురుగు, కింది ముడత అయితే నల్లి. నల్లికి పనిచేసే గంధకంతో తామర పురుగు పోదు. ఈ ఒక్క ప్రశ్నతో అడిగినవాళ్లకు దారి దొరుకుతుంది, చదివేవాళ్లకూ ఒక విషయం తెలుస్తుంది. వారం తర్వాత "మీ మిరప ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. రెండోసారి ప్రశ్న అడగడానికి వాళ్లు వెనకాడరు, ఇంకొకరి ప్రశ్నకు జవాబు కూడా చెబుతారు. గ్రూపు పెరగడమంటే నా లెక్కలో ఇదే.

అపోహ: మాట్లాడనివాళ్లను తీసేయాలి.

వాస్తవం: నూటికి 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడూ మాట్లాడతారు, ఎక్కువభాగం ఒక్కరే రాస్తారని, జనం వెబ్‌సైట్లను ఎలా వాడతారో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2006లో రాశాడు. చిన్న గ్రూపుల్లో నోరు విప్పేవాళ్లు ఇంతకన్నా ఎక్కువే ఉంటారని నా అనుభవం. అయినా మౌనంగా ఉన్నవాళ్లు చదవడం లేదనుకోకండి. తొలకరి పడిందంటే చాలు, విత్తనాల కోసం వాళ్లే ముందుంటారు.

అపోహ: అందరూ పెద్దవాళ్లే, రూల్స్ ఎందుకు?

వాస్తవం: రెండు మూడైనా ఉండాలి. అమ్మకాలు ఆదివారం మాత్రమే, రాజకీయాలు అసలొద్దు, అంతే. అసలు చిక్కు వాటిని అమలు చేయడంలో ఉంది. ఫార్వర్డ్ పెట్టిన పెద్దాయన్ని పదిమందిలో మందలించారనుకోండి, ఆయన గ్రూపు వదిలి వెళ్లిపోతారు, దశాబ్దాల సేద్యం అనుభవం కూడా ఆయనతోపాటే పోతుంది. విడిగా ఫోన్ చేసి చెబితే మాత్రం నవ్వేసి ఊరుకుంటారు.

అపోహ: మెంబరు ఏం పెట్టినా కేసు అడ్మిన్ మీదే.

వాస్తవం: అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరుల పోస్టుకు నేరం అంటగట్టలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్, మెంబరు కూడబలుక్కుని పెడితే మాత్రం ఆ మాట వర్తించదు. ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలు అడ్మిన్‌కు ఉంది కాబట్టి, తప్పుడుది కనబడగానే తీసేయండి, టెన్షన్ పడకండి.

అపోహ: అన్నీ గ్రూపులోనే ఉన్నాయిగా, కావాలంటే వెతుక్కోవచ్చు.

వాస్తవం: ఒకప్పటి ఆన్‌లైన్ చర్చావేదిక యాహూ గ్రూప్స్‌లో ఏళ్ల తరబడి నడిచిన చర్చల్ని 2019 చివర్లో సైటు నుంచి తీసేశారు, 2020 డిసెంబర్‌లో ఆ సర్వీసే మూతపడింది. మంచి జవాబు వచ్చిన రోజే దాన్ని కాపీ చేసి, రాసినవారిని అడిగి, ఒక గూగుల్ డాక్‌లో నెలలవారీగా పెట్టుకోండి. ఆ డాక్ లింకు గ్రూపు డిస్క్రిప్షన్‌లో ఉంచండి.