తాడు పట్టుకునేది బావమరిది: సాంస్కృతిక మానవశాస్త్రంపై అపోహలు - వాస్తవాలు

ఏ ఊరికి వెళ్ళినా నన్ను మొదట అడిగే ప్రశ్న ఇది: "మానవశాస్త్రం అంటే పుర్రెలు, ఎముకలు కొలిచే చదువా?" అది ఈ శాస్త్రంలో ఇంకో శాఖ పని. నాది సాంస్కృతిక మానవశాస్త్రం. బతికున్న మనుషుల మధ్య కూర్చుని, వాళ్ళు ఎవరిని ఏ వరసతో పిలుస్తారో, ఎవరింట్లో తింటారో, ఎవరింట్లో తినరో, తమ ప్రాణం ఎవరి చేతికి అప్పగిస్తారో తెలుసుకోవడం మా పని. తరగతి గదుల్లోనూ పెళ్ళి పందిళ్ళలోనూ పదేపదే నాకు ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సంస్కృతి అంటే పండుగలు, నృత్యాలు, కట్టుబొట్టు.

వాస్తవం: అవి పైకి కనిపించేవి. పుట్టుకతో రాకుండా, చుట్టుపక్కల వాళ్ళను చూసి నేర్చుకున్నదంతా సంస్కృతే. కొట్లో ఎడమ చేత్తో డబ్బు ఇవ్వబోయిన మనవణ్ణి "ఆ చెయ్యి కాదు నాన్నా" అని అమ్మమ్మ ఆపుతుంది. ఎందుకని అడిగితే ఆమె కారణం చెప్పలేకపోవచ్చు. మేము పుస్తకంలో రాసుకునేది సరిగ్గా అలాంటి క్షణాన్నే.

అపోహ: భాషలో మాట లేకపోతే ఆ మనుషులకు ఆ ఊహే ఉండదు.

వాస్తవం: దీన్ని మన తెలుగుతోనే పరీక్షించి చూడవచ్చు. పచ్చ అంటే ఏ రంగు? పచ్చని చేను అంటే ఆకు రంగు. పచ్చకామెర్లు అంటే పసుపు రంగు. రెండింటికీ మాట ఒకటే. అంతమాత్రాన పసుపుకొమ్మునూ కరివేపాకునూ ఒకే రంగుగా చూసే తెలుగువారు ఎవరైనా ఉన్నారా? తేడా చెప్పవలసి వస్తే ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాం, అంతే.

అలాగని భాషకు ఏ ప్రభావమూ లేదనడం కూడా తప్పే. రష్యన్‌లో లేత నీలానికి ఒక మాట, ముదురు నీలానికి మరో మాట ఉన్నాయి. 2007లో వెలువడిన ఒక ప్రయోగంలో ఆ రెండు మాటల హద్దుకు అటూ ఇటూ ఉన్న నీలాలను రష్యన్ మాట్లాడేవాళ్ళు కాస్త త్వరగా వేరుచేయగలిగారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. రెప్పపాటు కన్నా చిన్న తేడా అది. భాష ప్రభావం సాధారణంగా ఆ స్థాయిలో ఉంటుంది.

ఎస్కిమోల భాషలో మంచుకు వందల మాటలు ఉన్నాయన్న కథ కూడా ఇలాంటిదే. 1911లో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ ఉదాహరణగా ఇచ్చినవి నాలుగు మాటలు. ఒకరి నుంచి ఒకరికి చేరేసరికి ఆ లెక్క పెరిగిపోయింది. అసలు ఆ భాషల్లో మాటల్ని లెక్కపెట్టడమే కష్టం. మనం "తినిపించలేకపోయారు" అని ఒక్క మాటలో అన్నట్టు, వాళ్ళు ఒక మూలానికి ప్రత్యయాలు చేర్చుకుంటూ పోతారు.

అపోహ: ఆస్ట్రేలియాకు వచ్చిన తెల్లవాళ్ళు "ఆ జంతువు పేరేమిటి?" అని అడిగితే అక్కడివాళ్ళు "కంగారూ", అంటే "నాకు తెలియదు" అన్నారు.

వాస్తవం: చాలామంది నవ్వుకుంటూ చెప్పే కథ. నాకు మాత్రం నవ్వు రాదు, ఎందుకంటే అందులో ఆ మనుషుల్ని అమాయకులుగా చూపడం ఉంది. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆగిన చోట, అంటే నేటి క్వీన్స్‌లాండ్‌లో, ప్రజలు గూగూ యిమిథిర్ మాట్లాడేవారు. 1970ల్లో జాన్ హావిలాండ్ అనే మానవశాస్త్రవేత్త ఆ భాషను అధ్యయనం చేసినప్పుడు, ఒక రకం కంగారూకు "గంగుర్రు" అన్న పేరు ఉందని నిర్ధారణ అయింది. వాళ్ళు తెలిసే, సరిగ్గానే చెప్పారు. ఆ భాషలో కుడి, ఎడమలతో కాకుండా దిక్కులతో చోటు చెబుతారు. "కాస్త తూర్పుకు జరుగు" అనే మన పల్లె పెద్దలకు అది వింతగా అనిపించదు.

అపోహ: ఒక్కో జాతికి పుట్టుకతోనే ఒక్కో స్వభావం ఉంటుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇది. ఇందులో మా శాస్త్రం పాత్ర కూడా కొంత ఉంది. ఒక సమాజానికి ఒకే అచ్చులో పోసిన మూర్తిమత్వం ఉంటుందన్నట్టు 1930లు, 40లలో కొందరు మానవశాస్త్రవేత్తలు రాశారు. 1952లో ఆంథొనీ వాలెస్ అనే మానవశాస్త్రవేత్త, టస్కరోరా అనే అమెరికా ఆదివాసుల్లో డెబ్బై మందికి సిరా మరకల పరీక్ష (మరకల్లో ఏం కనిపిస్తోందో అడిగి స్వభావాన్ని అంచనా వేసేది) పెట్టి చేసిన అధ్యయనాన్ని వెలువరించారు. ఆ సమాజపు "సామాన్య" మూర్తిమత్వం అనదగిన కోవలోకి వచ్చినవారు సుమారు 37 శాతమే. ఒక చిన్న సమాజంలోనే ఇంత వైవిధ్యం ఉంది.

అదే ఊహ చట్టమైతే ఏమవుతుందో మన నేల మీదే చూశాం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకను బట్టి మనిషిని నేరస్థుడని రాసింది. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. ఎరుకలవారు తరతరాలుగా ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. రైళ్ళు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనుషుల తిరుగుడే నేరమైంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే, అంటే అలాంటి మనుషుల్ని నిఘాలో ఉంచిన ఊరే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ దాన్ని నడిపింది. అలాంటి చోట్ల అప్పట్లో హాజరు వేయించుకోవాల్సి వచ్చేది, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది.

చట్టం పోయినా మాట పోలేదు. ఈత బరిగెలతో గంప అల్లుతున్న ఒక ఎరుకల అవ్వ దగ్గర నేను మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఆమె బరిగెను పళ్ళ మధ్య పట్టి చీలుస్తూ, తలెత్తకుండా చెప్పింది: "మా మనవడు బస్సులో ఊరి పేరు చెప్పాడు నాయనా. పక్కనున్నాయన సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు." ఆ పిల్లవాడు చదివేది ఇంజనీరింగ్. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు కోపమే వస్తుంది.

అపోహ: అనుకూలనం (ఉన్న చోటికి తగ్గట్టు మారి బతకడం) అంటే ఒళ్ళు వాతావరణానికి అలవాటుపడటమే.

వాస్తవం: ఒళ్ళు మారడం కొంతవరకు నిజం. ఎత్తయిన కొండల మీద తక్కువ ప్రాణవాయువుతో బతకడానికి ఆండీస్ వారి రక్తంలో హిమోగ్లోబిన్ బాగా పెరిగింది. టిబెట్ వారిలో అంతగా పెరగలేదు, వాళ్ళ శరీరం వేరే దారి పట్టింది. సమస్య ఒకటే అయినా జవాబులు వేరు. కానీ మనుషులు ఒంటితో కన్నా ఎక్కువగా పనిముట్లతో, నియమాలతో, చుట్టరికంతో అనుకూలనం సాధిస్తారు.

నల్లమలలో కొండ తేనె తీయడం చూడండి. చెంచు మనిషి లోయ అంచు నుంచి తాడు మీద దిగుతాడు. కింద పొగ, చుట్టూ తేనెటీగలు. పైన తాడు పట్టుకునేది అతని బావమరిది, అంటే భార్య అన్నో తమ్ముడో. ఎందుకని అడిగితే ఒక పెద్దాయన చెప్పాడు: "తమ్ముడైతే ఏమరుపాటుగా ఉండవచ్చు సార్. బావమరిది ఉండడు. కింద వేలాడేది వాళ్ళ అక్క మొగుడు." వేరే ఇంటిపేరు నుంచి వచ్చిన చుట్టం అక్కడ ప్రాణరక్షణ ఏర్పాటు అయ్యాడు. పెదనాన్న పిల్లలు అన్నదమ్ములు, మేనమామ పిల్లలు బావలు, మరదళ్ళు అనే మన వరసల లెక్క ఇక్కడ ఎంత బరువు మోస్తోందో చూడండి.

అపోహ: చెంచులు బయటి గాలి సోకని ఆదిమానవులు. మారితే వాళ్ళ సంస్కృతి పోయినట్టే.

వాస్తవం: వాళ్ళ మాట తెలుగు. అహోబిలం నరసింహస్వామి వాళ్ళ ఇంటి అల్లుడు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్ళ మధ్య ఉండి రాసేనాటికే అడవి సరుకు ఇచ్చి ధాన్యం తెచ్చుకోవడం పాత సంగతి. రాతియుగం నుంచి తప్పిపోయి వచ్చినవాళ్ళు కారు, మన కాలంలోనే మనతోపాటు మారుతున్నవాళ్ళు.

నేను చూసిన రోజు తాడు తీగలతో పేనినది కాదు, నైలాన్‌ది. దిగినవాడి జేబులో ఫోను ఉంది. పైన బండకు కాళ్ళు తన్నిపెట్టి, తాడును నడుముకు చుట్టుకున్న కుర్రవాణ్ణి నేనేదో అడగబోయాను. అతను నావైపు చూడలేదు. తల మాత్రం అడ్డంగా ఊపాడు. తేనె డబ్బా, దాని వెనక బావ చెయ్యి, అంచు మీదకు వచ్చేదాకా అతని కళ్ళు తాడు మీద నుంచి కదల్లేదు.