టికెట్ రద్దయింది, డబ్బు దారిలో ఉంది

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వరసపెట్టి రద్దయి, శంషాబాద్‌లో జనం బ్యాగులు పరుచుకుని పడుకున్నప్పుడు, పౌర విమానయాన శాఖ ఒక గడువు పెట్టింది. 7వ తేదీ రాత్రి 8 గంటలకల్లా రీఫండ్లన్నీ పూర్తి కావాలంది. తలుచుకుంటే ఇంత త్వరగా కూడా ఇవ్వొచ్చన్నమాట! అమెరికా టికెట్టో దుబాయ్ టికెట్టో రద్దు చేసుకుని నెలల తరబడి ఎదురు చూస్తున్నవాళ్లకు ఇదే కడుపుమంట.

లాక్‌డౌన్‌లో ఎవరి డబ్బు ఎలా ఇరుక్కుందో అందరికీ గుర్తే, మళ్లీ తవ్వను. నన్నడిగితే అసలు ముడి పడింది 2008లో. ఆ ఏడాది మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అది ఊరంతటికీ గుర్తుంది. అదే ఏడాది చివర్లో పెద్ద ఎయిర్‌లైన్లు ఏజెంట్లకిచ్చే కమీషన్‌ను సున్నా చేసిన సంగతి మాత్రం ట్రావెల్ ఆఫీసుల బయట ఎవరికీ పట్టలేదు. అంతవరకు ఏజెంటు ఎయిర్‌లైన్ మనిషి, అతని సంపాదన అక్కడి నుంచే వచ్చేది. ఆ తర్వాత మన దగ్గర సర్వీస్ చార్జి తీసుకుని బతికే మనిషయ్యాడు.

విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టి, 2016 ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన మాత్రం అతన్ని ఇంకా ఎయిర్‌లైన్ ప్రతినిధిగానే చూసింది. ఏజెంటు దగ్గర కొన్నా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, 30 పనిదినాల్లో అయిపోవాలని అప్పట్లో గడువు పెట్టింది. రద్దు చార్జీ బేస్ ఫేర్, ఫ్యూయల్ సర్‌చార్జి కలిపిన మొత్తాన్ని దాటకూడదు. నాన్ రిఫండబుల్ టికెట్ అయినా పన్నులు, విమానాశ్రయం పేరిట తీసుకునే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వెనక్కి ఇవ్వాలి. వాట్సాప్‌లో తిరిగేది ఇంతవరకే. విదేశీ ఎయిర్‌లైన్లు తమ దేశపు నియమాల ప్రకారం రీఫండ్ ఇవ్వొచ్చనే వాక్యం కూడా అందులోనే ఉంది. ఎలా ఇవ్వాలన్నది మన నియమం, ఎంత ఇవ్వాలన్నది వాళ్ల నియమం. హైదరాబాద్ నుంచి డాలస్‌కో లండన్‌కో వెళ్లేవాళ్లలో చాలామంది దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా విదేశీ విమానాల్లోనే వెళ్తారు. మన ఊరికి ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం ఆ నిబంధనలో లేదు.

అమీర్‌పేటలో మొదటి అంతస్తులో ఉన్న ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో ఈ మధ్య గంటసేపు కూర్చున్నాను. కూకట్‌పల్లి నుంచి వచ్చిన రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన, కూతురి పురుడికి వెళ్దామని కొన్న టికెట్ రద్దు చేసుకున్నారు. భార్య బాత్రూంలో జారిపడి కాలు విరిగింది. ఏజెంటు మానిటర్ ఆయన వైపు తిప్పి చూపించాడు. మొత్తం 1,14,600. అందులో బేస్ ఫేర్ 62,000, వైక్యూ అని రాసిన, ఎయిర్‌లైన్ తనే వేసుకునే సర్‌చార్జి 38,500, మిగిలిన 14,100 పన్నులు. వెనక్కి వచ్చేది ఆ చివరిదే, అందులోనూ సర్వీస్ చార్జి 2,000 పోతుంది.

"అదైనా ఇప్పుడే ఇవ్వొచ్చు కదా బాబూ?"

"నా చేతికి రాలేదంకుల్. వచ్చినా పైవాళ్ల వాలెట్‌లోకే వస్తుంది."

ఆ పైవాళ్ల సంగతి తర్వాత టీ తాగుతూ చెప్పాడు. ఇలాంటి చిన్న ఆఫీసులకు ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐయాటా గుర్తింపు ఉండదు. పెద్ద ఏజెన్సీ పోర్టల్‌లో ముందుగా డబ్బు వేసుకుని టికెట్లు తీస్తారు. రీఫండ్ వస్తే పెద్ద ఏజెన్సీకి, అక్కడి నుంచి ఇతని వాలెట్‌కి. దాన్ని నగదుగా తీసుకునే వీలు లేదు, మరో టికెట్ తీయడానికే పనికొస్తుంది. ప్రయాణికుడికి ఇవ్వాలంటే సొంత జేబులోంచి తీయాలి. "తిట్లు మాత్రం ఏ పోర్టల్లోనూ ఆగవు సార్, నేరుగా నాకే" అన్నాడు. ఎయిర్‌లైన్ కాల్ సెంటర్ చెప్పేది ఒక్కటే: ఎవరి దగ్గర కొన్నారో వాళ్లనే అడగండి.

డబ్బు ఏజెంటు మీదుగానే వచ్చే ఈ దారికి కోర్టు ముద్ర పడింది 2020 అక్టోబర్ 1న. లాక్‌డౌన్ టికెట్ల డబ్బు కోసం ప్రవాసీ లీగల్ సెల్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన హైకోర్టులో ప్రాక్టీసు చేసిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. ఎయిర్‌లైన్లకు మూడు వారాలని, 15 రోజులని గడువులు పెట్టింది ధర్మాసనం. ఏజెంటు మాత్రం తనకు అందిన డబ్బు ప్రయాణికుడికి "వెంటనే" ఇవ్వాలంది. వెంటనే అంటే ఏ తేదీ? ఏజెంటు ద్వారా కొన్న టికెట్ క్రెడిట్ షెల్‌ను, అంటే డబ్బుకు బదులు ఎయిర్‌లైన్ దగ్గర ఉండిపోయే జమను, అదే ఏజెంటు దగ్గర వాడుకోవాలని కూడా చెప్పింది. లాక్‌డౌన్ టికెట్ల కోసం వేసిన ఏర్పాటది. లాక్‌డౌన్ పోయినా దారి మాత్రం అలవాటుగా మిగిలిపోయింది.

అమెరికా పద్ధతి వేరు. 2022 నవంబర్‌లో అక్కడి రవాణా శాఖ ఎయిరిండియా చేత 12.15 కోట్ల డాలర్ల రీఫండ్లు ఇప్పించి, పైగా 14 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అందులో ఎక్కువ భాగం టాటాల చేతికి రాకముందు నాటి బకాయిలే. 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నియమం ప్రకారం కార్డుతో కొన్న టికెట్‌కు 7 పనిదినాల్లో, అడగకుండానే డబ్బు వేయాలి. అయితే అది ఎయిర్‌లైన్ రద్దు చేసినప్పుడో, సమయాలు బాగా మార్చినప్పుడో వర్తించేది. కాలు విరిగి ఆగిపోయినవాళ్లకు కాదు.

2025 నవంబర్‌లో డీజీసీఏ పెట్టిన ముసాయిదా ఏజెంటు టికెట్లకు 30 పనిదినాల గడువును 21కి తగ్గిస్తానంది. బాధ్యత మళ్లీ ఎయిర్‌లైన్‌దేనంది. కొన్న 48 గంటల్లోపు చార్జీ లేకుండా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చంది. కానీ అంతర్జాతీయ ప్రయాణమైతే అప్పటికి కనీసం 15 రోజుల వ్యవధి ఉండాలి, టికెట్ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో నేరుగా కొని ఉండాలి. వైద్య కారణాలతో రద్దు చేసుకుంటే డబ్బు గానీ క్రెడిట్ షెల్ గానీ ఇవ్వొచ్చని ఉంది. "ఇవ్వాలి" అని కాదు. వాలెట్ల ముచ్చట ఎక్కడా లేదు.

ఇక మిగిలింది వినియోగదారుల కమిషన్. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో, ఎయిర్‌లైన్ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఈ సంగతి కూకట్‌పల్లి పెద్దాయనకు చెప్పింది నేను కాదు, ఆ ఏజెంటే. "నన్ను కూడా పార్టీగా చేర్చండంకుల్, అప్పుడైనా పైవాళ్లు పలుకుతారు" అంటూ ఫేర్ బ్రేకప్ ప్రింట్ తీసి, 38,500 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎక్స్‌రే కవర్లో దోపుకుని మెట్లు దిగారు.