కుండలో నీళ్ళు చల్లబడని రోజు

మా అమ్మమ్మ వాళ్ళది నరసరావుపేట పక్కన పల్లె. పెద్దమ్మ వాళ్ళది బందరు. చిన్నప్పుడు వేసవి సెలవులు సగం ఇక్కడ, సగం అక్కడ గడిచేవి. రెండిళ్ళలోనూ వంటింటి మూల ఇసుక పోసి, దాని మీద మట్టి కుండ పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టేవాళ్ళు. అమ్మమ్మ ఇంట్లో మిట్టమధ్యాహ్నం గ్లాసుడు నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. బందరులో అదే వేళకు తాగితే కుళాయి నీళ్ళకీ కుండ నీళ్ళకీ పెద్ద తేడా ఉండేది కాదు. "ఈసారి మంచి కుండ దొరకలేదే" అంటూ పెద్దమ్మ ఏటా కొత్త కుండ తెప్పించేది. తేడా కుండలో కాదు, బందరు గాలిలో ఉందని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

కుండ గోడ నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటికి ఊరి, గాలికి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని కుండ నుంచే లాక్కుంటుంది. గాలి పొడిగా ఉంటే ఈ పని చకచకా సాగుతుంది, నీళ్ళు చల్లబడతాయి. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఊరిన చెమ్మ ఊరినట్టే కుండకు అంటుకుని ఉండిపోతుంది.

మన ఒళ్ళు కూడా ఇలాంటి కుండే. లోపల 37 డిగ్రీల దగ్గర నిలబెట్టుకోవాలి. బయట గాలి అంతకన్నా వేడెక్కిందంటే ఒంట్లో వేడి బయటికి పోవడానికి మిగిలే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఒంటి మీదే ఆరితే దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. 30 డిగ్రీలున్న ఎనిమిది లీటర్ల నీళ్ళను మరిగే దాకా కాచడానికి సరిపడే వేడి అది. కానీ ఆరితేనే. ధారగా కారి నేల మీద పడ్డ చెమట వల్ల దాహం పెరుగుతుంది తప్ప ఒళ్ళు చల్లబడదు.

థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి, గాలి బాగా ఆడే చోట పెడితే అది చూపించే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. ఆ గాలిలో కుండ మహా అయితే ఎంత చల్లబడగలదో చెప్పే అంకె అనుకోవచ్చు. ఒక ఊళ్ళో గాలి 44 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే తడి బల్బు 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంకో ఊళ్ళో గాలి 38 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతం ఉంటే అది 31కి చేరుతుంది. టీవీలో ఎర్రటి అక్షరాలు పడేది మొదటి ఊరికి. కానీ చెమట ఆరక ఒళ్ళు ఉడికిపోయేది రెండో ఊళ్ళో. తడి బల్బు 35 దాటితే ఆరోగ్యంగా ఉన్న మనిషి నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న యువకులను ప్రత్యేక గదుల్లో ఉంచి పరీక్షిస్తే, తేమ ఎక్కువున్న గాలిలో ఆ హద్దు 31 దగ్గరే వచ్చేసింది.

అలాగని పొడి ఎండ మంచిదని కాదు. అవే పరీక్షల్లో, బాగా వేడిగా, పొడిగా ఉన్న గాలిలో ఇంకా తక్కువ తడి బల్బు దగ్గరే ఒళ్ళు చేతులెత్తేసింది. కారణం వేరు. అక్కడ చెమట పుట్టిన క్షణంలోనే ఆరిపోతుంది, కానీ కావాల్సినంత చెమట ఒళ్ళు పుట్టించలేదు. పైగా గాలి వేడి ఒంటికి ఎక్కుతూనే ఉంటుంది. వడగాలి అనే మాటలో గాలి ఉన్నది ఇందుకే. 40 డిగ్రీలు దాటాక ఫ్యాను వేసుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. ఒంటి మీద తడి తువ్వాలు ఉంటే వేరే సంగతి. వట్టివేళ్ళ తడికలు కిటికీలకు కట్టి నీళ్ళు చల్లిన పెద్దవాళ్ళు చేసింది కుండ పనే. కరీంనగర్‌లో హాయిగా పనిచేసే కూలర్ కాకినాడలో ఉక్కపోత పెంచడానికీ కారణం అదే.

మైదాన ప్రాంతాల్లో వడగాలి అని ప్రకటించడానికి వాతావరణ శాఖకు ఒక లెక్క ఉంది. పగటి ఉష్ణోగ్రత 40కి చేరి, ఆ ఊరికి ఆ రోజుల్లో మామూలుగా ఉండేదాని కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి. 6.4 డిగ్రీలు మించితే తీవ్ర వడగాలి. 45 చేరితే మామూలుతో పోలికే అక్కర్లేదు. 47 అయితే తీవ్రం. సముద్రతీరానికి 40 బదులు 37 చాలు. ఈ కొలతలన్నీ నీడలో, తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో, గాలి ఆడేలా పెట్టిన థర్మామీటరువి. నల్ల తారురోడ్డు మీద తోపుడుబండి నెట్టే మనిషి ఒంటికి తగిలే వేడి అంతకన్నా చాలా ఎక్కువ.

కోస్తాలో వేసవి రోజు ఎలా ఉంటుందో సముద్రపు గాలి తేలుస్తుంది. మామూలుగా మధ్యాహ్నానికల్లా నేల వేడెక్కి, సముద్రం మీది చల్లగాలి ఒడ్డు దాటి లోపలికి వస్తుంది. ఎండ పెరగడం అక్కడితో ఆగుతుంది. కొన్ని రోజుల్లో మాత్రం వాయవ్యం నుంచి, పడమర నుంచి వేడి పొడిగాలి గట్టిగా వీస్తూ సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది. పైన గాలి కిందికి దిగుతూ, ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది, మబ్బు పట్టనివ్వదు. "పడమటి గాలి తిరిగింది, బయటికి పోకండి" అని పెద్దమ్మ తలుపులు వేసేది. ఆ రోజుల్లో బందరు కుండలో నీళ్ళు కూడా చల్లగానే ఉండేవి. సముద్రం పక్కనే ఉన్న ఊరికి అమ్మమ్మ వాళ్ళ పల్నాడు గాలి వచ్చిందన్న మాట.

బంగాళాఖాతంలో తుపాను వస్తే చల్లబడుతుందని అనుకుంటాం. మేలో వచ్చే తుపాను మన ఒడ్డు వదిలి ఉత్తరానికి పోతే జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. చుట్టుపక్కల తేమనంతా తన వైపు లాక్కుని, మన మీదికి లోపలి నేల గాలిని తెప్పిస్తుంది. 2003 మేలో బంగాళాఖాతంలో తుపాను వచ్చి వెళ్ళాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాలులు విరుచుకుపడ్డాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు.

2015 మే ఆఖరి రోజులు ఇంకా ఘోరం. పసిఫిక్ సముద్రపు నీళ్ళు మామూలు కన్నా వేడెక్కే ఎల్‌నినో ఏడాది అది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఎండలో కూలి పని చేసేవాళ్ళు. ఆ రోజు కూలి వదులుకోలేని మనిషికి "మధ్యాహ్నం బయటికి రావద్దు" అని చెప్పి ఊరుకుంటే సరిపోదని నా అభిప్రాయం. పని వేళలు మారాలి, పని దగ్గర నీడా నీళ్ళూ ఉండాలి. మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఎవరైనా కూలబడితే అది వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసరాలి, మెడ దగ్గర, చంకల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

వాతావరణ సూచన చదివేటప్పుడు అందరం పగటి అంకె చూసి వదిలేస్తాం. దయచేసి రాత్రి అంకె కూడా చూడండి. పగలు 40 పైన ఉండి, రాత్రి కూడా మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని వేడి రాత్రిగా లెక్కేస్తుంది. పగలంతా అలసిన గుండె కోలుకునేది రాత్రి చల్లదనంలోనే. పై అంతస్తులో ఉండేవాళ్ళు రాత్రి పదకొండుకు సీలింగు మీద చెయ్యి పెట్టి చూడండి, స్లాబు పగటి వేడిని ఇంకా ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. డాబా మీద తెల్ల సున్నం వేస్తే ఆ వేడి లోపలికి దిగడం తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసమే చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది.

హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచేది మే 9 ప్రాంతంలో. అయినా రోళ్ళు పగిలేది మే 25 దాటాక వచ్చే రోహిణి కార్తెలోనే అంటారు. నేలలో చివరి తడి కూడా ఆరిపోవడానికి అన్నాళ్ళు పడుతుంది. తడి ఉన్నంత కాలం నేల కూడా కుండలా కొంత చల్లబరుచుకుంటుంది.

జూన్ 8 నాటికి మృగశిర వస్తుంది. రెండు జల్లులు పడతాయి, 44 కాస్తా 37కి దిగుతుంది, టెన్షన్ తీరిందని అందరం మళ్ళీ పనుల్లో పడతాం. నైరుతి తెచ్చే తేమ అప్పటికే గాలి నిండా ఉంటుంది. వడగాలుల జాబితాలో మన మండలం పేరు ఉండదు. అమ్మమ్మ ఇంట్లో కుండ కూడా ఆ వారంలో బందరు కుండలాగే, చుట్టూ చెమ్మ పట్టి, లోపల నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి.